మేకు కొట్టకుండా అద్దె ఇంట్లో క్రిస్మస్ చెట్టు ఎలా పెట్టుకోవాలి

నవంబరు నెలాఖరు రాగానే ఇదే ప్రశ్న మళ్ళీ మొదలవుతుంది. "మాది అద్దె ఇల్లు. గోడకు మేకు కొట్టొద్దని ఓనరు ముందే చెప్పారు. హాల్లో సోఫా పడితే నడవడానికే చోటు లేదు. ప్లాస్టిక్ చెట్టు కొంటే మిగతా పదకొండు నెలలు దాన్ని ఎక్కడ దాచాలి? పిల్లలేమో చెట్టు లేకపోతే క్రిస్మసే కాదంటున్నారు. ఏం చేయమంటారు?"

గోడ జోలికి పోకండి. చుట్టూ చూస్తే అద్దె ఇంట్లో కూడా బరువు మోయడానికి సిద్ధంగా ఉన్నవి చాలానే కనిపిస్తాయి. కిటికీకి ఇనుప గ్రిల్లు ఉంటుంది. శ్లాబుకు ఉయ్యాల కొక్కెం ఉండొచ్చు, లేదంటే పడగ్గది తలుపు ఎలాగూ ఉంటుంది. బీరువా అయితే మీ సొంతం. చెట్టును వీటి మీదే కట్టాలి. కింద చెప్పిన మూడింటిలో ఏదైనా ఒక పూటలో తయారవుతుంది, తీసేయడానికి అరగంట చాలు. మూడూ చేయనక్కర్లేదు. మీ ఇంటికి ఏది కుదురుతుందో అదొక్కటి చేసుకోండి.

ముందు గోడ సంగతి తేల్చుకుందాం

గోడ మీద ఆకుపచ్చ టేపుతో త్రికోణం అంటించి, చుట్టూ లైట్లు పెట్టిన ఫొటోలు మీరూ చూసే ఉంటారు. చూడటానికి బాగానే ఉంటాయి. కానీ మన దగ్గర అద్దె ఇళ్ళలో చాలావాటికి సున్నమో డిస్టెంపరో వేసి ఉంటుంది. అలాంటి గోడకు టేపు సరిగ్గా అంటదు, రెండు రోజులకే ఊడి వేలాడుతుంది. గట్టి టేపు వాడితే అంటుకుంటుంది గానీ, తీసేటప్పుడు రంగుతో పాటు పుట్టీ కూడా పెచ్చులుగా ఊడుతుంది. ఇల్లు ఖాళీ చేసే రోజున అడ్వాన్సులో పెయింటింగ్ పేరుతో కోత పడేది ఇలాంటి వాటికే.

అయినా గోడే కావాలనుకుంటే ముందు ఈ పరీక్ష చేయండి. తలుపు వెనక ఎవరికీ కనిపించని చోట నల్లగుడ్డతో గోడను గట్టిగా రుద్దండి. గుడ్డకు తెల్ల పొడి అంటితే ఇక ఆ గోడను వదిలేయాల్సిందే. పొడి రాకపోతే వేలు తడిచేసి రుద్దండి. వేలికి రంగు అంటినా వదిలేయండి. రెండూ లేకుండా గోడ నున్నగా, తుడిస్తే శుభ్రమయ్యేలా ఉంటే, లాగి తీసే పట్టీ ఉన్న అతుకు హుక్కు ఒకటి అదే మూల అంటించి ఒక రోజు చూడండి. పట్టీని గోడకు ఆనించి నిలువుగా, మెల్లగా కిందికి సాగదీస్తేనే శుభ్రంగా వస్తుంది. మీవైపు లాగితే రంగు ఊడుతుంది. ఈ మధ్యే రంగు వేసిన గోడైతే కనీసం వారం ఆగండి. నురుగులాంటి రెండు వైపులా అంటుకునే టేపు మాత్రం ఏ గోడకూ వద్దు.

మొదటిది: కిటికీ గ్రిల్లు మీద దీపాల చెట్టు

ఒక్క అంగుళం నేల కూడా అడగని చెట్టు ఇదే. పైగా వీధి వైపు కిటికీ అయితే బయటికీ కనిపిస్తుంది, రాత్రి క్యారల్స్‌కి వచ్చేవాళ్ళు మీ ఇల్లు వెతుక్కోనక్కర్లేదు.

కావలసినవి:

- 10 మీటర్ల ఎల్‌ఈడీ లైట్ల దండ ఒకటి. యూఎస్‌బీతో నడిచేది తీసుకోండి
- పనికొచ్చే స్థితిలో ఉన్న పాత ఫోన్ చార్జర్
- ఏదైనా ముదురు రంగు ఊలు దారం, 5 మీటర్లు
- కట్టడానికి పురికొస ముక్కలు, లేదా బ్రెడ్ ప్యాకెట్లకు వచ్చే మెలితిప్పే తీగలు ఓ ఇరవై
- పొడి గుడ్డ

యూఎస్‌బీ లైట్లే ఎందుకంటే, సీరియల్ సెట్లు నేరుగా 230 వోల్టుల కరెంటు మీద నడుస్తాయి. ఆ వైరు ఎక్కడైనా ఒరుసుకుపోయి ఇనుప గ్రిల్లుకు తగిలిందంటే గ్రిల్లంతా షాక్ కొడుతుంది. కిటికీ గ్రిల్లు పట్టుకుని నిలబడని పిల్లలు ఉంటారా? యూఎస్‌బీ లైట్లకు చార్జర్ ఇచ్చేది 5 వోల్టులే కాబట్టి ఆ భయం లేదు. ఇంట్లో పాత సీరియల్ సెట్టు ఉంటే దాన్ని గ్రిల్లు మీద కాకుండా ఇంకెక్కడైనా వాడుకోండి.

1. గ్రిల్లును పొడి గుడ్డతో తుడవండి. తుప్పు పట్టి గరుకుగా ఉన్న చోట్లు, వెల్డింగ్ దగ్గర పొడుచుకొచ్చిన మొనలు వేలితో తడిమి గుర్తుపెట్టుకోండి. వైరు వాటి మీదుగా పోకూడదు.

2. ముందు లైట్లు కట్టకండి. ఊలు దారంతో చెట్టు ఆకారం గీసుకోండి. గ్రిల్లు పైభాగంలో సరిగ్గా మధ్యన ఒక ముడి వేసి, అక్కడి నుంచి మూడున్నర అడుగుల కిందికి, కుడివైపు 15 అంగుళాల దూరంలో ఒకటి, ఎడమవైపు అంతే దూరంలో ఒకటి ముడి వేయండి. 30 అంగుళాల అడుగు, 42 అంగుళాల ఎత్తు ఉన్న త్రికోణం వస్తుంది. కిటికీ చిన్నదైతే అడుగు, ఎత్తు రెండూ అదే నిష్పత్తిలో తగ్గించండి.

3. వీధిలోకో, గదికి అవతలి మూలకో వెళ్ళి చూడండి. దారం ఒక పక్కకు ఒరిగినట్టు కనిపిస్తే ఇప్పుడే సరిచేయండి. లైట్లు కట్టాక సరిచేయడం అంటే మొత్తం విప్పడమే.

4. లైట్ల దండను ముందు నేల మీదే వెలిగించి చూడండి. ఈ పని మానేసి, కట్టిన తర్వాత సగం దండ వెలగట్లేదని తలపట్టుకునేవాళ్ళు ఏటా ఉంటారు.

5. ప్లగ్గు ఉండే కొసను చెట్టు అడుగున పెట్టుకుని కట్టడం మొదలుపెట్టండి. ఊలు దారం వెంట ఒక వైపు నుంచి పైకి వెళ్ళి, రెండో వైపు నుంచి దిగి, అడుగు గీత పూర్తి చేయండి. దీనికి 3 మీటర్లు పడుతుంది. తర్వాత లోపల అడుగు నుంచి పైకి ఆ పక్కకూ ఈ పక్కకూ ఏటవాలుగా ఎనిమిది వరసలు తిప్పండి. ఇంకో మూడు మీటర్లకు పైగా పోతుంది. మిగిలిన దండను తెంపకండి, చెట్టు పైభాగం పలచగా ఉంటే అక్కడే రెండు చుట్లు వేసి నక్షత్రం ఆకారం తెప్పించండి.

6. ప్రతి మలుపు దగ్గరా ఒక ముడి. వైరు మరీ బిర్రుగా ఉండకూడదు, కొంచెం వదులు ఉండాలి. గ్రిల్లుకు సెల్లోటేపు వేయకండి. తీసేటప్పుడు గ్రిల్లు రంగు ఊడుతుంది, మిగిలిన జిగురుకు దుమ్ము పడుతుంది.

7. ఊలు దారం విప్పేయండి. ఆకుపచ్చదైతే ఉంచేసినా బాగుంటుంది.

లైట్లు కట్టేశాక అద్దం తలుపుల సంగతి చూసుకోవాలి. పక్కకు జరిపే కిటికీలైతే షట్టర్ పూర్తిగా మూసినప్పుడు వైరు నలిగిపోతుంది. వైరు బయటికి వచ్చే చోట గుడ్డ మడిచి పెట్టి, షట్టర్ అర అంగుళం తెరిచే ఉంచండి. అలా ఉంచితే దోమలు వస్తాయనుకుంటే, ఆ సందులో పాత సాక్సు ఒకటి దూర్చండి. చూడటానికి కొంచెం ఎబ్బెట్టే, కర్టెన్ వెనక ఎవరికీ కనిపించదు.

పవర్ బ్యాంకుతో నడుపుదామనుకునేవాళ్ళకు ఒక మాట. ఈ లైట్లు తీసుకునే కరెంటు మరీ తక్కువ. దాంతో చాలా పవర్ బ్యాంకులు ఫోను చార్జింగ్ అయిపోయిందనుకుని వాటంతటవే ఆగిపోతాయి. లైట్లు పాడయ్యాయని షాపువాడితో గొడవ పెట్టుకునే ముందు చార్జర్‌కు తగిలించి చూడండి.

ఫలితం ఎలా చూసుకోవాలి? గంటసేపు వెలిగించి చార్జర్‌ను ముట్టుకోండి. గోరువెచ్చగా ఉంటే మామూలే, చెయ్యి పెట్టలేనంత వేడెక్కితే చార్జర్ మార్చండి. బయటికి వెళ్ళేటప్పుడు, ముఖ్యంగా 24 రాత్రి అందరూ చర్చికి బయలుదేరే హడావిడిలో, ప్లగ్గు తీసే బాధ్యత ఒకరికి అప్పగించండి. అందరి బాధ్యత అంటే ఎవరూ తీయరు.

రెండోది: కొక్కేనికి వేలాడే కర్రల చెట్టు

నాకు అన్నిటికంటే నచ్చేది ఇది. ఏడు కర్రలు, ఒక తాడు, అంతే. పండగ అయ్యాక చాపలా చుట్టి అటక మీద పడేయొచ్చు.

ఎక్కడ వేలాడదీయాలో ముందు చూసుకోండి. చాలా పాత ఇళ్ళలో, కొన్ని అపార్ట్‌మెంట్లలో కూడా, హాలు శ్లాబుకు ఉయ్యాల కోసం వేసిన ఇనుప కొక్కెం ఉంటుంది. అది మనిషి బరువు మోయడానికి వేసింది కాబట్టి చెట్టు దానికో లెక్క కాదు. కొక్కెం లేకపోతే తలుపు పైఅంచుకు తగిలించే స్టీలు హుక్కు కొనండి. పడగ్గది తలుపు మామూలుగా 3 అడుగుల వెడల్పు ఉంటుంది, ఈ చెట్టు అడుగు 30 అంగుళాలే. బాత్‌రూం తలుపులు ఇరుగ్గా ఉంటాయి, పనికిరావు. కర్టెన్ రాడ్ మూడో దారి. చెట్టు, బొమ్మలు కలిపి కిలో దాటకుండా చూసుకుని, రాడ్ బ్రాకెట్ పక్కనే కట్టండి. నడిమధ్యన కడితే రాడ్ వంగుతుంది.

ఫ్యానుకు మాత్రం కట్టొద్దు. తిరగని ఫ్యానే కదా అనుకుంటారు, చుట్టాలబ్బాయి ఎవరో వచ్చి అలవాటుగా స్విచ్ వేస్తాడు. ఫ్యాను రెక్కలకు చెట్టుకు మధ్య కనీసం 3 అడుగుల దూరం ఉండాలి. డిసెంబరులో కూడా ఫ్యాను లేకుండా కూర్చోలేని బెజవాడ ఇళ్ళలో అన్నిటికంటే కింది కర్రను దేనికైనా కట్టకపోతే చెట్టు రోజంతా గిరగిరా తిరుగుతూనే ఉంటుంది.

కావలసినవి:

- 6 అడుగుల వెదురు బద్దలు రెండు, బొటనవేలి లావువి. మేదరివాళ్ళ దగ్గరో, బొంగులు అమ్మే అడితిలోనో దొరుకుతాయి
- జనపనార తాడు 5 మీటర్లు
- చిన్న రంపం, గరుకు కాగితం, పెన్సిలు, కొలిచే టేపు

వెదురు కొనేటప్పుడు నేలకేసి రెండుసార్లు తట్టండి. పిండిలాంటి పొడి రాలితే పురుగు పట్టినట్టు, వద్దు. అది మీ ఇంట్లో ఓనరు చేయించిన చెక్కపనికి కూడా పట్టే ప్రమాదం ఉంది. వెదురు దొరకకపోతే సరుగుడు పుల్లలు, ఎండిన కందికట్టె, ఏదైనా ఎండు కొమ్మలు పనికొస్తాయి. అవి వంకరటింకరగా ఉన్నా అందమే. నైలాన్ తాడు మాత్రం వాడకండి, ముడి జారిపోతుంది.

1. కర్రలు కోయండి: 30, 26, 22, 18, 14, 10, 6 అంగుళాలు. మొదటి బద్దలోంచి 30, 26, 14 తీయండి. రెండో దాంట్లోంచి 22, 18, 10, 6 తీయండి. లెక్క చూసుకోకుండా కోస్తే మూడో బద్ద కొనాల్సి రావచ్చు.

2. కొసలు గరుకు కాగితంతో రుద్దండి. వెదురు పేడు వేలికి గుచ్చుకుంటే పండగ పూట సూదితో తీసుకుంటూ కూర్చోవాలి.

3. ప్రతి కర్రకూ రెండు కొసల నుంచి అంగుళం లోపలికి పెన్సిలుతో గుర్తు పెట్టండి. మధ్యన కూడా ఒక గుర్తు.

4. హాల్లో టైల్స్ మధ్య ఉండే అతుకు గీతను చెట్టు నడుముగా తీసుకోండి. కర్రల మధ్య గుర్తులన్నీ ఆ గీత మీదికి వచ్చేలా, చిన్నది పైన, పెద్దది అడుగున, కర్రకూ కర్రకూ 6 అంగుళాల ఎడంతో పరచండి. మొత్తం 3 అడుగుల చెట్టు అవుతుంది.

5. తాడును సగానికి మడిచి, మడత దగ్గర ముడి వేసి వేలాడదీయడానికి ఉచ్చు చేయండి. ఉచ్చు ముడి నుంచి మొదటి కర్రకు 8 అంగుళాల దూరం ఉంచండి. ఒక పాయ ఎడమ గుర్తుల వెంట, ఒకటి కుడి గుర్తుల వెంట కిందికి వస్తాయి.

6. ముడి ఇలా వేయాలి: తాడును కర్ర చుట్టూ ఒకసారి తిప్పండి. రెండో చుట్టు మొదటిదాని మీదుగా ఏటవాలుగా దాటేలా తిప్పి, కొసను ఆ రెండో చుట్టు కిందినుంచి లాగండి. బిగిస్తే జారదు, వదులు చేస్తే పక్కకు జరుగుతుంది. మనకు కావలసింది అదే. మామూలు పీటముడి వేస్తే తర్వాత సర్దుకోవడానికి వీలుండదు.

7. ఇప్పుడే గట్టిగా బిగించకండి. ఏడు కర్రలూ కట్టాక ఎత్తి వేలాడదీసి, ఆరడుగులు వెనక్కి వెళ్ళి చూడండి. శ్లాబు కొక్కేనికి కట్టేవాళ్ళకు పై నుంచి ఇంకో నాలుగైదు అడుగుల తాడు విడిగా కావాలి, ముందే కొనిపెట్టుకోండి.

8. వంకర సరిచేయడం ఎప్పుడూ పై కర్రతోనే మొదలుపెట్టాలి. ఏ వైపు కిందికి దిగిందో ఆ వైపు ముడిని కాస్త పైకి జరపండి. తర్వాత రెండోది, మూడోది. చాలామంది అడుగు కర్ర వంకరగా కనిపిస్తుందని దాంతో మొదలుపెడతారు. పైన ఒక ముడి కదిపితే కింద ఉన్నవన్నీ కదులుతాయి కాబట్టి ఆ పనంతా మళ్ళీ చేయాల్సి వస్తుంది.

9. సరిపోయాక ముడులన్నీ బిగించి, అడుగున మిగిలిన తాడుకు కుచ్చు కట్టేయండి. తలుపుకు వేలాడదీస్తే అడుగు కర్రను తలుపు పిడికి దారంతో కట్టండి. లేకపోతే తలుపు తీసినప్పుడల్లా టకటకా కొట్టుకుంటుంది, చెక్కమీద గీతలు పడతాయి.

చూసుకోవడం ఇలా: చెట్టుకు ఎదురుగా నిలబడి ఫోన్‌తో ఫొటో తీయండి, తలుపు చట్రం కూడా ఫ్రేములోకి రావాలి. కంటికి తెలియని వంకర ఫొటోలో చట్రం పక్కన ఇట్టే తెలిసిపోతుంది. తర్వాత చెట్టును ఒక చేత్తో మెల్లగా కిందికి లాగి పది అంకెలు లెక్కపెట్టండి. హుక్కు కదిలినా, రాడ్ బ్రాకెట్ స్క్రూ బయటికి వచ్చినట్టు అనిపించినా అక్కడ వద్దు.

ఇక అలంకారం. బరువైనవి అడుగు కర్ర మధ్యలో, తేలికవి పైన. ఒక వైపు ఒకటి కడితే రెండో వైపు అంతే బరువుది కట్టాలి. ఇంట్లో పేరుకుపోయిన పాత శుభలేఖలు నక్షత్రాలు కత్తిరించడానికి చార్టు కంటే బాగుంటాయి. అట్ట మందంగా ఉంటుంది, బంగారు అచ్చు ఉన్న భాగం వెలుతురుకు మెరుస్తుంది. ఎవరి పెళ్ళిదో ఆ పేర్లు కనిపించకుండా వెనక్కి తిప్పి కట్టండి, చుట్టాలు చూస్తే బాగుండదు. పాత మట్టిగాజులు రెండు మూడు కలిపి దారంతో వేలాడదీస్తే చప్పుడు కూడా ముచ్చటగా ఉంటుంది, అయితే చంటిపిల్లలకు అందని ఎత్తులోనే. కాస్త ఖర్చు పెట్టగలిగితే కొండపల్లి బొమ్మల్లో చిన్నవి చూడండి. పొణికి కర్రతో చేస్తారు కాబట్టి బరువుండవు, కర్ర వంగదు. ఏటికొప్పాక లక్క బొమ్మలు రంగుకు బాగుంటాయి గానీ అంకుడు కర్ర కాస్త బరువు, వాటిని అడుగు వరసకే ఉంచండి.

మూడోది: బీరువా చెట్టు

స్టీలు బీరువా తలుపులకు అయస్కాంతం అంటుకుంటుంది. పనంతా దాని మీదే. ఓనరు చేయించిన చెక్క వార్డ్‌రోబ్‌కు ఇది కుదరదు, దానికి ఏదీ అంటించకండి కూడా.

కావలసినవి: ఆకుపచ్చ చార్టు ఒకటి (22 అంగుళాల వెడల్పు, 28 అంగుళాల పొడవు ఉండేది, రెండు వైపులా రంగున్నది), చిన్న గుండ్రటి అయస్కాంతాలు పదహారు, కత్తెర, స్కేలు.

1. చార్టును నిలువుగా సగానికి మడవండి. మడత పైకొస నుంచి ఎదుటి అంచు కింది మూల దాకా ఏటవాలుగా గీత గీసి కత్తిరించండి.

2. మడత ఉన్న ముక్క విప్పితే ఒక త్రికోణం. దాన్ని మడత వెంట రెండుగా కోయండి. మిగిలిన రెండు ముక్కలు పారేయకండి, తలకిందులు చేసి పక్కపక్కన పెడితే అదే కొలతలో రెండో త్రికోణం అవుతుంది.

3. బీరువా రెండు తలుపులు కలిసే గీతే మన చెట్టు నడుము. ఎడమ ముక్క ఎడమ తలుపుకు, కుడి ముక్క కుడి తలుపుకు. గీతకు పావు అంగుళం ఎడం వదలండి. ఇది మర్చిపోయి ఒకే ముక్కగా పెట్టారంటే పండగ రోజు చీర తీసుకోవాలన్నా చెట్టు పీకాల్సిందే.

4. కింది త్రికోణం ముందు పెట్టి, పై త్రికోణాన్ని దానికంటే 12 అంగుళాలు పైకి జరిపి దాని మీద పెట్టండి. మొత్తం ఎత్తు 40 అంగుళాలు, రెండు అంతస్తుల చెట్టు. హ్యాండిల్, తాళం చెవి తిరిగే చోట ముందే పెన్సిలుతో గుర్తు పెట్టి ఆ మేరకు కత్తిరించండి.

5. ఒక్కో ముక్కకు మూడు మూలల్లో మూడు అయస్కాంతాలు, మధ్యన ఒకటి. పైన రంగుకాగితం ఉండలు అంటిస్తే అయస్కాంతాలే బొమ్మలైపోతాయి.

తలుపులు పదిసార్లు తీసి వేయండి. ముక్క జారితే అయస్కాంతం బలం చాలలేదని అర్థం, ఇంకోటి జోడించండి. ఐదేళ్ళలోపు పిల్లలున్న ఇంట్లో మాత్రం ఈ చెట్టు వద్దంటాను. చిన్న అయస్కాంతాలు రెండు మింగితే పేగుల్లో ఒకదాన్నొకటి పట్టుకుని ప్రాణం మీదికి తెస్తాయి. మింగారని అనుమానం వచ్చినా ఆగకుండా ఆస్పత్రికి తీసుకెళ్ళాలి.

బీరువాకు నిలువుటద్దం ఉంటే ఇంత శ్రమ కూడా అక్కర్లేదు. వైట్‌బోర్డు మార్కరుతో అద్దం మీదే చెట్టు గీసేయండి, పొడి గుడ్డతో పోతుంది. పోకపోతే మళ్ళీ అదే మార్కరుతో పైన గీసి వెంటనే తుడవండి.

నిజం మొక్కే కావాలంటే

కోస్తాలో చాలా ఇళ్ళలో క్రిస్మస్ చెట్టంటే సరుగుడు కొమ్మే. మూడు నాలుగు అడుగుల కొమ్మ తెచ్చి, అడుగు కొస ఏటవాలుగా కోసి, తడి ఇసుక నింపిన బకెట్లో నిలబెట్టి, చుట్టూ రెండు ఇటుకలు దిగ్గొట్టండి. రోజూ గ్లాసుడు నీళ్ళు పోయాలి. పండగకు నాలుగు రోజుల ముందు తెస్తే చాలు, డిసెంబరు మొదట్లోనే తెస్తే 25 నాటికి ఎండిపోయి సూదులు రాలుతుంటాయి. ఎండిన సరుగుడు భగ్గున అంటుకుంటుంది. దాని దగ్గర కొవ్వొత్తి వెలిగించడం, వంటింటి గుమ్మం పక్కన పెట్టడం రెండూ వద్దు. బకెట్ ప్లాస్టిక్‌ది వాడండి. ఇనుప డబ్బా అయితే తడికి తుప్పు దిగి పాలరాయి మీద గుండ్రటి మరక పడుతుంది, ఆ మరక పోవడం చాలా కష్టం.

కడియం నర్సరీల నుంచి వచ్చే కుండీల్లో క్రిస్మస్ ట్రీ పేరుతో అమ్మేది ఎక్కువగా అరకేరియా. అంతస్తులు అంతస్తులుగా కొమ్మలు వేస్తుంది, ఇల్లు మారితే మీతోపాటే వస్తుంది. కొనేటప్పుడు చిటారు మొగ్గ చూడండి. అది విరిగిన మొక్క మళ్ళీ ఆ తీరుగా పెరగదు, ఎంత తగ్గించి ఇచ్చినా వద్దు. వెలుతురు బాగా కావాలి, కుండీలో నీళ్ళు నిలవకూడదు. పండగ వారం రోజులు హాల్లో ఉంచి, తర్వాత బాల్కనీకి మార్చేయండి. కొమ్మలు లేతగా ఉంటాయి కాబట్టి కాగితపు నక్షత్రాలకు మించి బరువు పెట్టకండి. బాల్కనీలో కుండీ కింద పళ్ళెం ఉంచడం మర్చిపోవద్దు, కింది అంతస్తు వాళ్ళు ఆరేసుకున్న బట్టల మీద మట్టినీళ్ళు కారితే ఓనరు దాకా పోతుంది.

తరచూ అడిగేవి ఇంకో మూడు

*బాల్కనీలో స్టార్ కట్టొచ్చా?* రెయిలింగుకు కట్టుకోండి, పిట్టగోడకు హుక్కులు దిగ్గొట్టకండి. కాగితం స్టార్ లోపల బల్బు ఎల్‌ఈడీదే ఉండాలి, పాత ఫిలమెంటు బల్బు వేడికి కాగితం మాడుతుంది. నెల్లూరు, ఒంగోలు వైపు డిసెంబరులో కూడా తుఫాను వానలు పడతాయి. అక్కడివాళ్ళు బల్బు హోల్డర్ తడవని చోటే కట్టాలి. ఓనరు అదే ఇంట్లో ఉంటే ముందుగా ఒక మాట చెప్పండి: "అంకుల్, పండగకు స్టార్ కడుతున్నాం, మేకులేం కొట్టట్లేదు, జనవరిలో తీసేస్తాం." కాదనేవాళ్ళు తక్కువ.

*ప్లగ్గు లేని వైరును అగ్గిపుల్లలతో సాకెట్లో గుచ్చొచ్చా?* వద్దు. అందరూ చేసే పనే, అయినా వద్దు. రెండు పిన్నుల ప్లగ్గు వీధి చివర ఎలక్ట్రికల్ షాపులో దొరుకుతుంది.

*పశువుల పాక ఎక్కడ పెట్టాలి?* గ్రిల్లు చెట్టుకైతే కిటికీ గూట్లో, కర్రల చెట్టుకైతే కింద పీట మీద. గడ్డి వాడితే దాని పక్కన కొవ్వొత్తి పెట్టకండి.

తీసేటప్పుడు

చాలామంది జనవరి 6 దాకా ఉంచుతారు. తీసే ముందు కట్టిన చోటును ఫొటో తీసుకోండి, వచ్చే ఏడు ఎక్కడ ఏ ముడి వేశారో గుర్తుంటుంది. లైట్ల దండను చేతికి చుట్టుకుంటే చిక్కుపడుతుంది, పాత అట్టముక్కకు రెండు వైపులా గంటు పెట్టి దానికి చుట్టండి. చార్జర్ దాంతోనే కట్టేయండి. కర్రల చెట్టును అడుగు కర్ర నుంచి పైకి చుట్టి, పాత దిండు గలీబులో వేసి, రెండు నాఫ్తలిన్ ఉండలు పడేయండి.

ఎక్కడైనా జిగురు మిగిలితే, అది టైలో అద్దమో అయితే కొబ్బరినూనె రాసి పది నిమిషాలు ఆగి తుడవండి. గోడ మీద జిగురుకు నూనె రాయకండి, మరక లోపలికి ఇంకుతుంది. హెయిర్ డ్రైయర్‌తో వేడిచేసి మెల్లగా దొర్లిస్తే ఉండలుగా వస్తుంది. చివరగా గ్రిల్లును, తలుపు పైఅంచును, నేలను ఒకసారి వేలితో తడిమి చూడండి. తలుపు హుక్కు కింద రంగు చెదిరినట్టు అనిపిస్తే వచ్చే ఏడు హుక్కు లోపలివైపు చిన్న గుడ్డముక్క అంటించి వాడండి.